రాలిన గింజ

తిరుత్తణి బజారులో మా మండీ ముందు లారీ ఆగి మూటలు దిగాక నేల మీద కొంత గింజ రాలుతుంది. దాన్ని ఊడ్చుకుపోయే హక్కు మూట కూలీల ఇళ్ళ ఆడవాళ్ళది. మా నాయన కాలం నుంచి ఇదే వాడుక. కొక్కెం తగిలించి గోనెను లాగుతారు కాబట్టి చిల్లు పడుతుంది, చిల్లు పడితే గింజ రాలుతుంది, రాలిన గింజ కూలీది. రెండు వందల మూటల లారీకి రెండు కిలోలు, మహా అయితే రెండున్నర. ఆ రెండు కిలోల గురించి ముప్ఫై ఏళ్ళలో ఒక్క రోజూ నేను తల పాడుచేసుకోలేదు. ఈ ఏడు చేసుకోవలసి వచ్చింది.

నా పేరు దామోదరం. వేరుశనగ గింజలు, మినుములు, పశువుల తవుడు టోకున అమ్ముతాను. మా మండీలో ఆరుగురు మూట కూలీలు ఉండేవాళ్ళు. వాళ్ళ మేస్త్రీ ధనకోటి. యాభై నాలుగేళ్ళ మనిషి, కే.జీ.కండిగై నుంచి రోజూ టౌన్ బస్సులో వస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా మా దగ్గరే. గోనె మీద గింజ కనిపిస్తే మోసినవాడికి కొక్కెం పట్టుకోవడం రాదని వాడి లెక్క. ఎవడి మూట నుంచైనా దోసెడు రాలితే ఆ రోజంతా వాడి చేత మూటలు మోయించేవాడు కాదు, గోనెలకు కుట్లు వేయించేవాడు.

మా బజారులో కూలీని పెట్టుకోవడం, తీసెయ్యడం ఏడాదికి ఒక్కసారే, ఆయుధ పూజ రోజు. ఆ పొద్దున కూలీలు తమ కొక్కేలను కడిగి తెచ్చి తూకం బల్ల ముందు పెడతారు. పసుపు, కుంకుమ, కర్పూరం అయ్యాక మండీ యజమాని మూటకు ఎంత కూలో ఒక్కసారి చెప్పి, ఒక్కో కొక్కేన్ని తన చేత్తో తీసి ఒక్కొక్కడికి ఇస్తాడు. పుచ్చుకున్నవాడు మళ్ళీ పూజ దాకా ఆ రేటుకు కట్టుబడతాడు. ఎవడి కొక్కెం బల్ల ముందే ఉండిపోతుందో వాడికి పని లేనట్టు. కాగితం లేదు, సంతకం లేదు. బొరుగులు, పుట్నాలు, బెల్లం తిని ఇంటికి పోతారు.

పోయిన ఏడు మూటకు పన్నెండు రూపాయలు ఇచ్చాను.

ఈ ఏడు ఎండాకాలం నుంచే వ్యాపారం పడిపోయింది. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలకు విదేశాల ఆర్డర్లు ఆగాయి. అక్కడ షిఫ్టు తగ్గితే నాకేమిటి అనుకునేవాళ్ళు ఉంటారు. హాస్టళ్ళు ఖాళీ అయితే మెస్సులు మూతపడతాయి, మెస్సులు మూతపడితే చట్నీకి గింజలు కొనేవాడు తగ్గుతాడు. వారానికి మూడు లారీలు దించేవాణ్ణి, రెండయ్యాయి, తర్వాత ఒకటిన్నర. సగం లారీ సరుకు పక్క మండీతో కలిసి తెప్పించుకోవడం మా నాయన చూసి ఉంటే సిగ్గుపడేవాడు.

ఆ గుమ్మిడిపూండిలోనే మా అక్క కొడుకు విఘ్నేష్ ఒక రబ్బరు సామాన్ల కంపెనీలో సూపర్‌వైజరు. నెలకు ఇరవై నాలుగు వేలు. ఆగస్టులో ఒక రోజు బ్యాగు తగిలించుకుని మండీకి వచ్చి కూర్చున్నాడు.

"ఏమిరా, సెలవా?" అన్నాను.

"సెలవే మామా. ఎప్పుడు రావాల్నో సెప్పలేదు."

"తీసేసినారా?"

"తీసేసినామని సెప్పితే డబ్బులియ్యాల గదా. మెసేజ్ వచ్చే వరకు రావద్దని సెప్పినారు, అంతే." వాడే నవ్వాడు. కాసేపటికి వాడికి కోపం వచ్చింది. "అంతా ఈ వడక్కన్ల వల్లే మామా. మాకు ఇరవై నాలుగు ఇయ్యాల. వాళ్ళు పదమూడుకు సేస్తారు. ఒగ రూములో పదిమంది పడుకుంటారు. మన ఊర్లో మనకే పని లేకుండా సేసినారు."

వడక్కన్లంటే ఉత్తరాది వాళ్ళు, బీహారు, ఒడిశా, జార్ఖండ్ నుంచి పనికి వచ్చినవాళ్ళు.

"పదమూడు ఇచ్చేది ఎవరురా? వాళ్ళా, కంపెనీనా?"

"కంపెనీనే. అయినా వాళ్ళు వచ్చినందుకే గదా ఇస్తా ఉండారు."

మా కుటుంబం ఈ ఊరికి వచ్చి ఐదు వందల ఏళ్ళు దాటిందని మా పెద్దలు చెప్పేవాళ్ళు. బయటి నుంచి వచ్చినవాళ్ళను విఘ్నేష్ ఇంట్లో తెలుగులో తిట్టేవాడు, బజారులో తమిళంలో తిట్టేవాడు. ఫోనులో వాళ్ళ మీద వచ్చే వీడియోలన్నీ మా ఇంటి గ్రూపులో వేసేవాడు. తర్వాతి నెలలో కంపెనీ ఆ పదమూడు వేల వాళ్ళను కూడా బయట నిలబెట్టింది.

సెప్టెంబరు నడుమ విఘ్నేష్ మళ్ళీ వచ్చాడు. ఈసారి బ్యాగు లేదు, చేతిలో రెండు ఫోన్లు ఉన్నాయి.

"మామా, హాస్టల్లో అరవై మంది ఉండారు. మెస్ మూసేసినారు. దీపావళి తర్వాత వాళ్ళకేందో పండగంట, ఊరికి పోవాల, టికెట్టుకు డబ్బుల్లేవు. మూటకు ఆరిస్తే ఎంతమంది కావాలన్నా తెస్తా."

"ఆరులో నీకెంత?"

"రెండు."

"అంటే వాళ్ళకు నాలుగు."

"వాళ్ళకు నాలుగే ఎక్కువ మామా."

"గ్రూపులో వాళ్ళను తరమాలని రాస్తా ఉండావు గదరా, నిన్న కూడా రాసినావు."

"అది వేరే, ఇది వేరే," అన్నాడు. వాడి ముఖంలో సిగ్గు కోసం వెతికాను. ఫోను వెలుతురు తప్ప ఏమీ కనిపించలేదు. తన పొట్ట కొట్టిన పద్ధతిని నెల రోజుల్లో నేర్చుకుని, దానికి తానే ఏజెంటు అయ్యాడు. వద్దని నేను అనలేదు. చూద్దాం అన్నాను. వ్యాపారంలో చూద్దాం అంటే సగం ఒప్పుకున్నట్టు.

ఆ వారమే మండీ యజమానుల సంఘం కూడింది. సంఘానికి పెద్ద శివరామయ్య. ఆయనా నేనూ ఒకే సరుకు అమ్ముతాం. ఆయన మేడ మీదే మీటింగు, ఆయన ఖర్చుతోనే వడ, కాఫీ. నుదుట మూడు వేళ్ళ విభూతి పెట్టుకుని ఆయన మొదలుపెట్టాడు.

"ఈ పూజకు మూటకు ఏడు. అందరిదీ ఒకటే మాట. ఎక్కువ ఇచ్చినోడికి సంఘం లారీ పంపదు."

"ధనకోటి ఒప్పుకోడు అన్నా," అన్నాను.

"ఒప్పుకోకపోతే నీ మేనల్లుడు ఉండాడే. వాడు ఆరుకే తెస్తానంటా ఉండాడు. ఆరే పెట్టి ఉందును. పాపం, మనోళ్ళు కూడా బతకాల గదాని ఏడు పెట్టినాను."

అందరూ తలలూపారు. ఒకాయన శివరామయ్యది మంచి మనసన్నాడు. పన్నెండును ఏడు చేసి, ఆ మిగిలిన ఏడును దానంలాగా చెప్పుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. అయినా నేను రెండు వడలు తిన్నాను. ఆ సంగతి కూడా చెప్పాలి.

పూజకు పది రోజుల ముందు ధనకోటి వచ్చాడు. పట్టపగలు, బేరగాళ్ళు ఉండగా, తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వాడి కొడుకు గోకుల్ కూడా గుమ్మిడిపూండిలోనే పని చేసి జూలైలో ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు ఆ ఇంట్లో నలుగురు తినేది ఒక్క కొక్కెం మీద. అది నాకు తెలుసు. నాకు తెలుసని వాడికీ తెలుసు.

"అయ్యా, ఏటా పూజకు ఒగ రూపాయి పైకి అడుగుతా. ఈసారి అడగను. వ్యాపారం లేదని కండ్లతో సూస్తానే ఉండా. పన్నెండును పన్నెండుగా ఉండనీండి, సాలు."

"చూద్దాం ధనకోటీ."

"సూసేదానికేముండాది అయ్యా? లారీలు తగ్గినాయి, మా కూలి దానంతట అదే తగ్గింది. మళ్ళా రేటూ తగ్గితే రెండు పక్కలా కోసినట్టు."

వాడు చెప్పింది సరైన లెక్క. సరైన లెక్కకు జవాబు లేనప్పుడు యజమానులు చేసేదే నేనూ చేశాను. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. వాడు తువ్వాలు మళ్ళీ భుజం మీద వేసుకుని వెళ్ళిపోయాడు.

రెండు రోజులకు, మధ్యాహ్నం సగం షట్టరు దించి అన్నం తింటుండగా, కేశవన్ వంగి లోపలికి వచ్చాడు. ధనకోటి తర్వాత అనుభవం ఉన్నవాడు వాడే.

"అయ్యా, నేను పదికి సేస్తా. ధనకోటన్నకు సెప్పొద్దు."

మరుసటి రోజు అదే వేళకు లోకనాథం.

"కేశవన్ వచ్చినాడంట గదయ్యా. ఎంతకన్నాడు?"

"నువ్వెంతకు?"

"వాడికంటే ఒగటి తక్కువేసుకోండి."

"వాడు ఎంతన్నాడో నీకు తెలవదు గదా."

"అందుకే అయ్యా, ఒగటి తక్కువని సెప్పినా."

నేను అంకె చెప్పలేదు. ముఖం మాత్రం కొంచెం ముడిచాను. వాడు తానే తొమ్మిదన్నాడు, నేను మాట్లాడకపోయేసరికి ఎనిమిదిన్నర అన్నాడు. మిగిలిన ముగ్గురూ కూడా అదే షట్టరు కింద నుంచి వంగి వచ్చారు. చివరికి కేశవన్ మళ్ళీ వచ్చాడు. ఏడు అన్నాడు. అది చాలదనుకున్నాడేమో, "ధనకోటన్నకు మోకాలు పోయింది అయ్యా. పై వరసకు మూట ఎక్కించలేడు. మీకు తెలవకుండా మేమే ఎక్కిస్తా ఉండాము," అన్నాడు.

ఆ మోకాలు నా మండీలోనే పోయింది. నాలుగేళ్ళ కింద లారీ నుంచి మూటలు దించే పలక జారి మూట మీద పడితే, ఆసుపత్రికి తీసుకుపోయింది ఈ కేశవనే.

నేను నోరు విప్పకుండానే నాలుగు రోజుల్లో పన్నెండు ఏడయింది. ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో ఏ సరుకు ధరా ఇంత తేలికగా దిగడం చూడలేదు. లాభం వచ్చినప్పుడు మనసుకు ఒక చల్లదనం ఉంటుంది. అది రాలేదు. బూజు పట్టిన మినుముల మూటలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసినట్టు ఉంది. ప్రతిసారీ చెయ్యి కడుక్కుని మళ్ళీ అన్నం ముందు కూర్చున్నాను, తినలేకపోయాను.

పూజ రోజు మబ్బు పట్టి ఉంది. మరుసటి పొద్దున అనంతపురం వైపు నుంచి లారీ వస్తుందని ఫోను వచ్చింది. తూకం బల్ల ముందు ఆరు కొక్కేలు పేర్చారు. ధనకోటి కొక్కేనికి పిడి కొయ్యది, పట్టి పట్టి నల్లబడింది. రోడ్డు అవతల టైర్ల షాపు ముందు విఘ్నేష్ ఆరుగురిని తెచ్చి నిలబెట్టాడు. కంపెనీ ఇచ్చిన నీలం చొక్కాలే వేసుకున్నారు. శుభ్రంగా తల దువ్వుకుని, పెళ్ళికి పిలవకుండా వచ్చినవాళ్ళలా ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు.

కర్పూరం వెలిగించాను. గుమ్మడికాయ తిప్పి రోడ్డు మీద కొట్టారు. నేను రేటు చెప్పాలి. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"ఏడు," అన్నాను.

ఐదుగురు నేల చూశారు. తాను తప్ప ఎవరూ షట్టరు కింద వంగలేదని ఒక్కొక్కడూ అనుకుంటున్నాడు. ధనకోటి వాళ్ళ ముఖాలు వరసగా చూశాడు, చివరికి నా ముఖం చూశాడు.

"ఏడని నాకు ముందే తెలుసయ్యా. వారం రోజులుగా వీళ్ళెవరూ నాతో టీ తాగలేదు."

"సంఘం మాట ధనకోటీ. నా చేతిలో లేదు."

"సంఘం మూట మోస్తాదా అయ్యా?"

కేశవన్‌కు నవ్వు వచ్చి, మధ్యలో ఆపుకున్నాడు. ధనకోటి మోకాలి మీద చెయ్యి ఆనించి వంగాడు, కర్పూరం ఇంకా ఆరలేదు, తన కొక్కేన్ని తానే తీసుకున్నాడు. మా బజారులో అట్లా ఎవరూ తీసుకోలేదు. అది యజమాని చేతి నుంచే రావాలి.

"ఇనుము నాది," అన్నాడు. "కూలి మీది, మీరే పెట్టుకోండి."

రోడ్డు దాటి టైర్ల షాపు ముందుకు పోయాడు. ఆ నీలం చొక్కాల ముందు నిలబడి, కొక్కేన్ని చంకలో పెట్టుకుని, రెండు చేతుల పది వేళ్ళూ చూపించాడు, తర్వాత ఇంకో రెండు. మూట ఎత్తినట్టు భుజం వంచి చూపించి, మళ్ళీ పది, మళ్ళీ రెండు. వాళ్ళలో పెద్దవాడు మంగల్, జార్ఖండ్ మనిషి, నలభై ఉంటాయి. అతను విఘ్నేష్ వైపు తిరిగి వచ్చీరాని తమిళంలో అడిగాడు. ఇక్కడివాళ్ళకు అయిదే ఇస్తారని చెప్పావు గదా అని.

"వాడు ముసలోడు, వాడికి పిచ్చి," అన్నాడు విఘ్నేష్.

మంగల్ రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు. నా బల్లను, కొక్కేలను, కుంకుమను చూశాడు. చేతులు జోడించి దేవుడికి దణ్ణం పెట్టి, ఆ తర్వాతే నాకు వేళ్ళు చూపించాడు. "బారా," అన్నాడు. పన్నెండు.

విఘ్నేష్ వెనక నుంచి అతని చొక్కా పట్టి లాగాడు. హాస్టలు నుంచి సామాన్లు బయటికి పారేయిస్తానని తిట్టాడు. మంగల్ చొక్కా విడిపించుకుని వెనక్కి పోయాడు. ఆ ఆరుగురూ తమలో తాము రెండు మాటలు అనుకుని, ధనకోటి వెంట రైల్వే స్టేషను వైపు నడిచారు. ఎక్కడికి పోవాలో ధనకోటికి తెలియదని వాడి నడకే చెబుతోంది.

ఇప్పుడు నా ముందు మిగిలింది ఐదుగురు. ఇక్కడ లెక్క చూడండి. పోటీకి వచ్చినవాళ్ళు పోయారు. మేస్త్రీ పోయాడు. తెల్లారితే లారీ, పైన మబ్బు, వాన తగిలితే గింజ బూజు పడుతుంది. మోసేవాళ్ళు ఐదుగురే. ఆ నిమిషంలో వాళ్ళు పది అడిగి ఉంటే, సంఘానికి ఏదో ఒకటి చెప్పుకుని ఇచ్చేసేవాణ్ణి.

"మామా, ఇంకో గుంపు ఉండాది, రేపు తెస్తా, ఆరుకే," అని విఘ్నేష్ అరిచాడు. అది అబద్ధమని నాకు తెలుసు. వాడి గుంపు స్టేషను దారిలో ఉంది.

కేశవన్ రెండు చేతులూ చాచాడు. "ఆరే ఇయ్యండయ్యా," అన్నాడు.

అతని వెనకే తక్కిన నలుగురూ చేతులు చాచారు. ఒక్కో కొక్కేన్ని తీసి ఒక్కో చేతిలో పెట్టాను. పుచ్చుకుంటూ కేశవన్ నా కాళ్ళకు వంగాడు. కాళ్ళు వెనక్కి లాక్కున్నాను, గౌరవం వద్దని కాదు, తాకితే ఒళ్ళు జలదరిస్తుందని.

మూటకు ఆరు మిగిలింది. లారీకి పన్నెండు వందలు. ఆ పన్నెండు వందలు నా దగ్గర ఎన్నాళ్ళు ఉన్నాయో కూడా చెప్తాను. పది రోజులు. పదకొండో రోజు శివరామయ్య మూటకు ఆరు తగ్గించి చెన్నై కొట్లకు అమ్మాడు. నేనూ తగ్గించాను, తగ్గించకపోతే సరుకు కదలదు. ఐదుగురి ముందు నుంచి తీసుకున్న ముద్ద నా నోటికీ చేరలేదు, ఎవరో ముఖం తెలియని కొనుగోలుదారుడికి పోయింది. వాడికి తాను తిన్నట్టు కూడా తెలియదు.

రెండో లారీకి గమనించాను. కేశవన్ భార్య వరదమ్మ ఇదివరకు చేటతో వచ్చేది. ఇప్పుడు గోనెసంచితో వచ్చింది. లారీ కింద, పలక కింద, గుమ్మం దాకా గింజ. తక్కిన ఆడవాళ్ళు ఊడుస్తుంటే ఆమె జల్లెడ పట్టింది. సంచి కుట్టబోతుంటే నేను ఆపి తూకం బల్ల మీద పెట్టించాను. పద్నాలుగు కిలోలు.

ఇదివరకు రెండు. పన్నెండు కిలోలు ఎక్కువ. కిలో నూట అయిదు. పన్నెండు వందల అరవై. నేను మిగుల్చుకున్నదాని మీద ఇంకో అరవై కలిపి నా నేల మీంచే ఊడ్చుకుని పోతున్నారు.

కేశవన్‌ను పిలిచాను.

"కొక్కెం లోపలికి దించతా ఉండావు."

"దించకపోతే మూట లేవదయ్యా. ఆరుగురి బరువు అయిదుగురం మోస్తా ఉండాము."

"ధనకోటి ఉన్నప్పుడు గోనె మూతి దగ్గర తగిలించేవాడివి. ఇప్పుడు కడుపులో పొడుస్తా ఉండావు."

"ధనకోటన్న ఉన్నప్పుడు మూటకు పన్నెండు గదయ్యా," అన్నాడు. కళ్ళు కిందికే ఉన్నాయి, గొంతులో మాత్రం భయం లేదు. వాడికి నా మీద కోపం లేదు, అదే నాకు ఎక్కువ రోత పుట్టించింది. మూటకు ఆరు ఇక్కడ పుచ్చుకుంటున్నాడు, ఆరు నేల మీద పుచ్చుకుంటున్నాడు. వాడి లెక్క సరిపోయింది. పన్నెండు రూపాయల్లో మోతకు ఎంత, చెయ్యి అదుపులో పెట్టుకున్నందుకు ఎంత అని నేనెప్పుడూ విడదీసి చూడలేదు. ఇప్పుడు చిల్లు పడిన గోనెలు విడదీసి చూపిస్తున్నాయి. రాలింది కూలీది అని మా నాయన పెట్టిన మాట, కాదనడానికి లేదు.

శివరామయ్య దగ్గరికి పోయాను. ఆయన మండీలోనూ అదే కథ, పదమూడు కిలోలు.

"అన్నా, పన్నెండు ఇచ్చేద్దాం. ఇచ్చినా ఇయ్యకపోయినా ఒకటే లెక్క."

"అట్ల వెనక్కి పోకూడదు దామోదరం, అలుసైపోతాము. కెమెరాలు పెడదాము. నలభై వేలవుతాది, అందరమూ తలా ఇంత వేసుకుందాము."

కూలీకి ఆరు రూపాయలు ఇవ్వడానికి రాని చెయ్యి, కూలీ చేతిని ఫోటో తీయడానికి నలభై వేలు ఇస్తానంటోంది. ఆయన విభూతి చెమటకు తడిసి కనుబొమ మీదికి కారింది. కాఫీ తాగకుండానే లేచి వచ్చేశాను.

మరునాడు రైలెక్కి తిరువళ్ళూరు పోయాను. స్టేషను వెనక ఒక ఎరువుల గిడ్డంగి ఉంది. ధనకోటి అక్కడ ఉన్నాడని విని ఉన్నాను. ఉన్నాడు. ముక్కు, నోరు తువ్వాలుతో కట్టుకుని, పిలిస్తే నా వైపు తిరిగాడు. కనురెప్పల మీద యూరియా పొడి. లోపల మంగల్, ఇంకో ఇద్దరు నీలం చొక్కాల వాళ్ళు మూటలు పేరుస్తున్నారు. మిగతా ముగ్గురు ఊరికి పోయారట.

"ఈడ ఎంతిస్తా ఉండారు?" అన్నాను.

"పది. కడుపు మంట, కండ్ల మంట వేరే. అవి ఊరికే ఇస్తారు."

మంగల్ తల వంచి నాకు నమస్కారం చేశాడు. నేనూ చేశాను.

"ధనకోటీ, వచ్చేయి. ఎనిమిదిస్తా. నీకు మాత్రమే. సంఘానికి తెలవకూడదు, వాళ్ళకూ చెప్పొద్దు."

అన్నాకే నాకు వినపడింది. షట్టరు కింద వంగి వచ్చి కేశవన్ అన్న మాట, ఇప్పుడు నా నోట్లోంచి వచ్చింది. నా నోరు నాకే కంపు కొట్టింది.

ధనకోటి తువ్వాలు కిందికి లాగాడు. "నాకొగడికి ఎనిమిదిచ్చి, వాళ్ళ సేతులు నన్ను పట్టుకోమంటారా అయ్యా?"

"గింజ కారిపోతా ఉండాది."

"తెలుసు. వరదమ్మ మా ఇంటోళ్ళకే అమ్ముతా ఉండాది, కిలో అరవైకి. మీ శెనక్కాయల చట్నీనే నేను తింటా ఉండా." వాడు నవ్వాడు, నవ్వితే దగ్గు వచ్చింది. "అందరికీ పన్నెండు ఇయ్యండి. కొక్కెం దానంతట అదే పైకి వస్తాది. నేను రానక్కర్లేదు."

"సంఘం లారీ పంపదు."

"అయితే రాలతానే ఉంటాది."

"నువ్వొచ్చి ఒక మాట చెప్తే వాళ్ళు వింటారు."

"మీ సేతి నుంచి తీసుకోలేదు గదయ్యా ఆ కొక్కేన్ని. ఇప్పుడు ఏ సేత్తో మళ్ళా తేవాల?"

లోపల నుంచి పిలుపు వచ్చింది. పోతూ పోతూ టీ కొట్టువాడికి నన్ను చూపించి, తన ఖాతాలో ఒక టీ పొయ్యమన్నాడు. వద్దనలేకపోయాను. పది రూపాయల టీ, ఒక మూట మోత. ఎరువు వాసనతో కలిపి తాగాను.

తిరుగు రైల్లో లెక్క ఎన్నిసార్లు వేసినా ఒకటే వచ్చింది. పన్నెండు ఇచ్చినా నాకు పైసా నష్టం లేదు, అరవై రూపాయలు లాభం. ఇవ్వడానికి అడ్డం సంఘం. సంఘంలో ఉన్నది ఎవరు? వడ తిని తల ఊపినవాళ్ళు. నేను రెండు తిన్నాను.

ఆ శుక్రవారం లారీ వచ్చింది. సన్న తుంపర. ఐదుగురూ మూటలు దించారు. ఎవడూ ఎవడి ముఖమూ చూడడు. కొక్కెం దిగిన ప్రతిసారీ గోనె చిరిగే చప్పుడు నా కుర్చీ దాకా వినిపించింది. గుమ్మం నుంచి పలక దాకా ఎర్రగా గింజ పరుచుకుంది. నాకు ఆగలేదు. మూలనున్న చీపురు తీసుకుని నేనే ఊడవడం మొదలుపెట్టాను. యాభై ఎనిమిదేళ్ళ వాణ్ణి, నా మండీలో, నా సరుకును, నేనే వంగి పోగు చేస్తున్నాను. అవతలి నుంచి వరదమ్మ ఊడ్చుకుంటూ వచ్చింది. రెండు చీపుళ్ళూ మధ్యలో తగిలాయి.

ఆమె నడుము నిలబెట్టి చూసింది. తిట్టలేదు, నవ్వలేదు. ఎదురింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"పక్కకు జరగండయ్యా. రాలింది మాది."

చీపురు గోడకు ఆనించి పక్కకు జరిగాను. నా చెప్పు కింద నాలుగు గింజలు ఇరుక్కున్నాయి. ఆమె వంగి, నేను కాలు ఎత్తే వరకు ఆగి, వాటినీ ఏరుకుంది.